డబ్బులు కట్టి సముద్రంలో సేవ: వెళ్ళొచ్చా, మానేయాలా?

కోటగుమ్మం (విజయనగరం):
పోయినేడాది రుషికొండలో స్కూబా (గాలి సిలిండర్ తగిలించుకుని నీటి అడుగున ఈదడం) నేర్చుకున్నాను. ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ వచ్చింది, అంటే 18 మీటర్ల లోతు దాకా దిగొచ్చు. ఇప్పుడు అండమాన్‌లో రెండు వారాల వాలంటీరు ట్రిప్పు ఒకటి చూశాను. పగడపు దిబ్బల సర్వే. నీటి అడుగున టేపు పరిచి, దాని పక్కన కనిపించే చేపల్నీ పగడాల్నీ పలక మీద లెక్క రాయాలి. విమానం కాకుండా 85 వేలు. మా అన్నయ్యేమో "సేవకి ఎదురు డబ్బులు కట్టడమేమిటే, షికారు అనరాదూ?" అంటున్నాడు. నాకు వెళ్ళాలనే ఉంది. ఏమంటారు?

ఈదురుగాలి:
నా ఓటు మీ అన్నయ్యకే. ఫోటోలో తాబేలు పక్కన మీరు, కింద 'సముద్రాన్ని కాపాడదాం'. లైకులకి లోటుండదు.

బారువ కుర్రాడు:
మాది శ్రీకాకుళం జిల్లా బారువ, చేపల వేటకెళ్ళే ఇల్లు. నాకు డైవింగ్ రాదు, ఈతొచ్చు. అక్కా, జనవరి నుంచి మార్చి దాకా మా ఒడ్డుకి రండి. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. చచ్చి కొట్టుకొచ్చేవీ ఉంటాయి. తాబేలు నీళ్ళలో బతికేదే అయినా గాలి కోసం పైకి రావాలి కదా. ట్రాలర్ బోట్లు ఈడ్చుకెళ్ళే వలలో చిక్కితే ఊపిరాడక పోతుంది. మొన్న సంక్రాంతి తర్వాత మా ఇంటి ఎదురుగా ఒకటి పడి ఉంది. డొప్ప మీద చిన్న గీత కూడా లేదు, మెడ మాత్రం ఉబ్బిపోయింది. కుక్కలు రాకముందే మా నాన్న గొయ్యి తీసి పూడ్చాడు. వన్యప్రాణి రక్షణ చట్టంలో అది షెడ్యూల్ 1, పులితో సమానం. పులి చస్తే పేపర్లో వేస్తారు.

దీనికి మందు నీటి అడుగున దొరకదు. వలకి టెడ్ అని ఇనప చట్రం బిగించొచ్చు. ఏటవాలు ఊచల సందుల్లోంచి రొయ్యలు వెనకున్న వల సంచిలోకి పోతాయి, తాబేలు ఊచలకి తగిలి కన్నంలోంచి బయటపడుతుంది. ఆ కన్నంలోంచి చేప కూడా పోతుందని బోటు వాళ్ళ బాధ. వాళ్ళని తప్పుపట్టను, డీజిల్ ఖర్చు వాళ్ళది. టెడ్ లేదని మన సముద్రపు రొయ్యల్ని అమెరికా ఆపేసినా పరిస్థితి ఇదే. మీ 85 వేలు అండమాన్‌లో పెడితే ఇక్కడ ఒక్క వలైనా మారుతుందా?

లోతునీళ్ళు:
తమ్ముడూ, నీ బాధ నిజం. కానీ అడుగున కూడా పని ఉంది. తెగిపోయిన నైలాన్ వల కుళ్ళదు, రాళ్ళకో మునిగిన ఓడకో చిక్కుకుని ఏళ్ళ తరబడి వేటాడుతూనే ఉంటుంది. మీ బారువ దగ్గర మునిగిన పాత ఓడ లాంటి చోట్లే దానికి అనువు. ఒకసారి గజం వల కోయడానికి నాకు పావుగంట పట్టింది. అందులో ఇరుక్కున్న పీత నా గ్లౌజు పట్టుకుని వదల్లేదు, విడిపిస్తున్నానని దానికేం తెలుసు!

అయితే కోటగుమ్మం గారూ, కొత్త సర్టిఫికెట్‌తో ఇలాంటి పనికి దిగకండి. వల సిలిండర్ వాల్వుకి తగులుకుంటే పక్కవాళ్ళే విడిపించాలి. సర్వేలో అయినా నీళ్ళలో నిలకడగా తేలడం రాకపోతే మీ కాళ్ళకి తొడిగిన ఫిన్ తగిలి పగడం విరుగుతుంది. గుండ్రటి పగడాలు ఏడాదికి సెంటీమీటరో ఎంతో పెరుగుతాయి. ట్రిప్పు వాళ్ళని రెండే అడగండి: లెక్కలు ఎవరికి ఇస్తారు? లెక్క రాయనిచ్చే ముందు ఎన్ని డైవులు చేయిస్తారు?

కోటగుమ్మం (విజయనగరం):
అడిగాను. డైవుల సంగతి చెప్పారు, మొదటి రోజు ఒకటి చాలట. లెక్కలు ఎక్కడికి వెళ్తాయో చెప్పలేదు, 10 శాతం డిస్కౌంట్ కోడ్ పంపారు. అన్నయ్య పగలబడి నవ్వాడు. అండమాన్ మానుకోలేదు, ఇంకో 20 డైవులయ్యాక చూస్తాను. తమ్ముడూ, మీ దగ్గర తాబేలు గుడ్లు పొదిగించే హేచరీలో రాత్రి కాపలాకి ఆడవాళ్ళు ఉండొచ్చా? అన్నయ్యని తోడు తెస్తాను.

ఈదురుగాలి:
అన్నయ్యకి కూడా ఫోటో తీయండి.

బారువ కుర్రాడు:
రండి అక్కా. ముందు ఫారెస్టు వాళ్ళతో మాట్లాడి చెబుతాను. గూటికి నూరు పైనే గుడ్లుంటాయి, తెల్లారేలోపు ఏరి హేచరీకి చేర్చాలి, లేదంటే కుక్కలూ నక్కలూ తవ్వేస్తాయి. దుప్పటి తెచ్చుకోండి. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి, తెల్ల లైటు చూస్తే తాబేలు గుడ్లు పెట్టకుండానే తిరిగి వెళ్ళిపోతుంది.