కార్డ్రాస్ సెమినరీ: బాగుచేయాలా, అలాగే వదిలేయాలా, కూల్చేయాలా?

గ్లాస్గో_పక్షి:
స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరానికి పడమరగా దాదాపు 30 కిలోమీటర్లు వెళ్తే కార్డ్రాస్ అనే ఊరుంది, దాని పక్క అడవిలోనే సెయింట్ పీటర్స్ సెమినరీ. కాథలిక్ ఫాదర్ల శిక్షణ కోసం 1966లో తెరిచారు, 1980లో మూసేశారు. తర్వాత కొన్నేళ్లు మత్తు మాన్పించే కేంద్రం నడిచింది, అదీ పోయింది. ఇప్పుడు అద్దాల్లేవు, చెక్కపని లేదు, మిగిలింది కాంక్రీటు ఎముకలూ గోడల మీద రంగురంగుల రాతలూ. 1992లో ‘ఎ’ కేటగిరీ రక్షిత కట్టడం చేశారు కాబట్టి మామూలుగా కూల్చడం కుదరదు. నన్నడిగితే ఆ రక్షణ ఎత్తేసి కూల్చేయడమే నయం.

సిమెంటు_సూరి:
అంత తేలిగ్గా అనేశారేంటండీ! ఐసీ మెట్జ్‌స్టైన్, ఆండీ మెక్‌మిలన్ చేసిన డిజైన్ అది. కింద చాపెల్, భోజనశాల, వాటిపైన అంతస్తు అంతస్తుకీ ముందుకు జరుగుతూ విద్యార్థుల గదులు. ఎవరి గదిలోంచి బయటికొచ్చినా కింద అందరూ కలిసే చోటు కనిపిస్తుంది. కలిసి బతకడాన్ని సెక్షన్ డ్రాయింగులోనే, అంటే బిల్డింగుని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మలోనే పెట్టేశారు, 1967లో రీబా (బ్రిటన్ ఆర్కిటెక్టుల సంస్థ) అవార్డు కూడా వచ్చింది.

పక్కా_లెక్క:
అవార్డు వానని ఆపదు కదా సూరి గారూ. స్కాట్లాండ్ పడమటి తీరం వానలకి ఆ కప్పులు మొదట్నుంచీ కారాయి. అయినా అసలు దెబ్బ వాన కాదు. వాటికన్ రెండో మహాసభ (1962-65లో కాథలిక్ బిషప్పులంతా కూర్చుని మార్పులు చర్చించిన సభ) తర్వాత ఫాదర్లని అడవిలో విడిగా పెట్టి కాదు, జనం మధ్యే తయారు చేయాలన్న ఆలోచన బలపడింది, పైగా చేరేవాళ్లూ తగ్గారు. వందమంది కోసం కట్టింది ఏనాడూ నిండలేదు. పని లేని బిల్డింగుని ఎంత బాగుచేసినా మళ్లీ పాడవుతుంది.

సిమెంటు_సూరి:
పని లేదని ఎవరన్నారు? 2016లో ఎన్‌వీఏ అనే కళా సంస్థ ఆ శిథిలాల్లోనే రాత్రిపూట లైట్లతో, గానంతో ‘హింటర్‌లాండ్’ అనే ప్రదర్శన పెడితే వేలమంది వచ్చారు. కప్పు లేకుండానే!

పక్కా_లెక్క:
వచ్చారు, చూశారు, వెళ్లారు. 2018లో ఆ సంస్థే మూతపడింది. మరుసటి ఏడాది స్కాట్లాండ్ ప్రభుత్వం ‘మేం తీసుకోలేం’ అంది. కాపలా, ఇన్సూరెన్సు మోయలేక ఏళ్లుగా నలిగిపోయిన గ్లాస్గో ఆర్చ్‌డయోసిస్ (అక్కడి కాథలిక్ చర్చి పాలనా విభాగం, దీని యజమాని) 2020లో కిల్మహ్యూ ట్రస్టుకి ఉచితంగా రాసిచ్చేసింది. ఉచితంగా ఇస్తే తప్ప పోని ఆస్తి అంటే అర్థం చేసుకోండి.

తడి_గోడ:
మీ ఇద్దరిదీ ఒకటే పట్టు, అయితే కొత్తదైనా అవ్వాలి, లేకపోతే పనికిరానిదైనా అవ్వాలి. పూర్తిగా పునరుద్ధరించొద్దు, హోటల్ అసలే వద్దు. ఊడిపడే పెచ్చులు తీసేసి, తుప్పు పట్టిన ఇనుముకి వైద్యం చేసి, నడిచే దారి కాస్త భద్రంగా చేసి వదిలేయండి. స్కాట్లాండ్‌లో కప్పుల్లేని మఠాలు ఎన్ని లేవు? మెల్‌రోజ్ మఠాన్ని కూల్చమని ఎవరూ అనరే, దానికి వయసుంది కాబట్టా?

గ్లాస్గో_పక్షి:
మెల్‌రోజ్ రాయి అండీ, ఇది కాంక్రీటు. లోపల ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతూనే ఉంటుంది. ఆ వైద్యం ఒక్కసారితో అయ్యేది కాదు, పదేళ్లకోసారి డబ్బెవరు పెడతారో అది చెప్పండి, నా మాట వెనక్కి తీసుకుంటాను.