అప్‌డేట్: ఆకుపచ్చ గీత ఆకారంతో తేలిన నాన్నగారి బొబ్బల జబ్బు

మా నాన్నగారి ఒంటిమీది బొబ్బలకు కారణం బుల్లస్ పెంఫిగాయిడా, ఎపిడెర్మోలైసిస్ బుల్లోసా అక్విజిటానా అని ఇదివరకు అడిగాను. రెండూ ఒంట్లోని యాంటీబాడీలే సొంత చర్మంపై దాడి చేసి బొబ్బలు తెప్పించే జబ్బులు. మొదటిసారి తీసిన చర్మపు ముక్కను ఫార్మలిన్‌లో వేయడంతో అది ఇమ్యునోఫ్లోరసెన్స్ పరీక్షకు (చర్మంలో అంటుకున్న యాంటీబాడీలను ఆకుపచ్చగా మెరిసేలా చేసి చూసే పరీక్ష) పనికిరాలేదు. ఈసారి బొబ్బ పక్కనున్న చర్మం తీసి ఈ పరీక్షకు పనికొచ్చేలా చర్మాన్ని కాపాడే మిషెల్ ద్రావణంలో పంపారు.

రెండు జబ్బుల్లోనూ బేస్‌మెంట్ మెంబ్రేన్ (చర్మపు పైపొరను కిందిపొరకు అతికించే పలుచని పొర) వెంబడి ఐజీజీ అనే యాంటీబాడీలు, సీ3 అనే రోగనిరోధక ప్రొటీన్ గీతలాగే మెరుస్తాయి కనుక అంతటితో తేలలేదు. ఎక్కువ మాగ్నిఫికేషన్‌లో డాక్టరుగారు చూపించినప్పుడు ఆ ఆకుపచ్చ గీత చిన్న 'ఎన్' అక్షరాల వరుసలా, పైన మూసుకున్న వంపులతో కనిపించింది. రెండో జబ్బయితే వంపులు కింద మూసుకుని 'యూ'లా, మొలిచిన గడ్డిలా ఉంటాయట. ఉప్పు ద్రావణంలో పొరలు విడదీసిన చర్మంపై నాన్నగారి సీరం (రక్తంలోని ద్రవభాగం) వేసి చూసినా, యాంటీబాడీలు విడిపోయిన చోటికి పైకప్పువైపే అంటుకున్నాయి, రెండో జబ్బులో దాడికి గురయ్యే కొల్లాజెన్ 7 అనే ప్రొటీన్ ఉండే అడుగువైపు కాదు. పెంఫిగాయిడ్‌గానే నిర్ధారించి చికిత్స మొదలుపెట్టారు.