మోడిఫైడ్ ఎలక్ట్రోడ్: పూతా, పొదగడమా, అద్దకమా?

ప్రశ్న (శ్రీకాకుళం, పీజీ విద్యార్థిని): మాస్టారూ, మెదడులో ఊరే డోపమైన్‌ని కొలిచే సెన్సర్ల మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. బంగారు నానోరేణువులతో మోడిఫై చేసిన ఎలక్ట్రోడ్‌ని ఏమనాలి? ‘సవరించిన ఎలక్ట్రోడ్’ అంటే రిపేరుకెళ్లొచ్చిన సామానులా ఉంది.

జవాబు (విజయనగరం, రిటైర్డ్ తెలుగు మాస్టారు): దానికింత టెన్షన్ ఏటమ్మా? ‘పూత ఎలక్ట్రోడ్’ అనేయ్. బుడితి ఇత్తడి గిన్నెకి కళాయి పూత వేయిస్తాం కదా, చారు చిలుమెక్కకుండా.

జవాబు (విజయనగరం, కెమిస్ట్రీ లెక్చరర్): చిక్కంతా అక్కడే ఉంది మాస్టారూ. కళాయి పులుపుని ఇత్తడికి తగలనివ్వదు. ఇక్కడ తగలడమే కావాలి. డోపమైన్ అణువు ఎలక్ట్రోడ్‌ని తాకి, రెండు ఎలక్ట్రాన్లు వదిలి క్వినోన్‌గా మారుతుంది. మనం కొలిచేది ఆ కరెంటునే. ఉత్త గ్లాసీ కార్బన్ (ఎలక్ట్రోడ్‌కి వాడే గాజులాంటి కార్బన్) మీద విటమిన్ సి, యూరిక్ యాసిడ్ కూడా దాదాపు అదే వోల్టేజీ దగ్గర ఆక్సీకరణం చెందుతాయి. విటమిన్ సి అయితే డోపమైన్ కంటే వందల రెట్లు ఎక్కువగా ఉంటుంది. అందుకే గ్రాఫులో వేరువేరు శిఖరాలు రావాల్సిన చోట అన్నీ కలిసిపోయి ఒకే గుట్ట లేస్తుంది. బంగారు రేణువులుంటే విటమిన్ సి తక్కువ వోల్టేజీకే ఎలక్ట్రాన్లు ఇచ్చేస్తుంది, డోపమైన్ శిఖరం విడిగా కనబడుతుంది.

మీ కళాయి పోలిక నాఫియాన్ అనే పాలిమర్‌కి బాగా కుదురుతుంది. 7.4 పీహెచ్ దగ్గర డోపమైన్‌ది ధనావేశం, విటమిన్ సిది రుణావేశం. రుణావేశమున్న నాఫియాన్ పొర విటమిన్ సిని తోసేసి డోపమైన్‌ని రానిస్తుంది. దాన్ని నిక్షేపంగా పూత అనండి. రేణువులకి మాత్రం నా ఓటు ‘పొదిగిన’ అన్న మాటకే.

మాస్టారు: పొదగడమంటే రాయి కదలకుండా కూర్చడం. మీరు చుక్క వేసి ఆరబెడతారని విన్నాను?

లెక్చరర్: రెండు పద్ధతులూ ఉన్నాయండి. అల్యూమినా పొడితో అద్దంలా రుద్దిన ఎలక్ట్రోడ్ మీద రేణువుల ద్రావణం (బంగారమే, కానీ ఎర్రగా ఉంటుంది) చుక్క వేసి ఆరబెడితే ‘అద్దిన’ అందాం. బంగారు లవణం నుంచి కరెంటుతో నేరుగా ఎలక్ట్రోడ్ మీదే రేణువుల్ని పుట్టిస్తే ‘పొదిగిన’.

విద్యార్థిని: మాది చుక్క పద్ధతే మేడం. ‘బంగారు నానోరేణువులు అద్దిన ఎలక్ట్రోడ్’ అని పెట్టేస్తున్నాను. ఇక ఇంటర్‌ఫెరెన్స్ (వేరే పదార్థాలు కొలతలో కలిసిపోయి చెడగొట్టడం) మిగిలింది. ‘జోక్యం’ అని రాస్తే విటమిన్ సి ఊరి తగవులో దూరినట్టుంది. ‘అడ్డు’ అంటే చాలా?