టొరంటో పాత్‌లో దారి తప్పకుండా ఆఫీసుకు చేరేదెలా?

కొత్త_బూట్లు:
ఇక్కడికొచ్చి మూడు వారాలైంది. ఆఫీసు ఫస్ట్ కెనేడియన్ ప్లేస్‌లో. మొన్న పైన మైనస్ 15 ఉందని, యూనియన్ స్టేషన్‌లో గో ట్రైన్ (శివార్ల నుంచొచ్చే లోకల్ రైలు) దిగి అటునుంచటే పాత్‌లోకి, అదే భవనాల కింద నుంచి పోయే నడక దారుల్లోకి, దూరాను. ఫోన్‌లో నీలం చుక్క కదలనని మొండికేసింది. ఒకే కాఫీ షాపు ముందునుంచి మూడుసార్లు పోయాను, మూడోసారికి కౌంటర్లో అమ్మాయికి నవ్వొచ్చింది. నలభై నిమిషాలు తిరిగి చివరికి పైకెక్కితే ఎదురుగా సిటీ హాల్! ఉత్తరం బోర్డుల వెంటే నడిచాను కదా, ఎక్కడ తప్పాను?

తొమ్మిది_చలికాలాలు:
ఉత్తరం పట్టుకుని పోయారు కాబట్టే తప్పారు. మీ ఆఫీసూ ఉత్తరానే, సిటీ హాలూ ఉత్తరానే. ఎక్కడ ఆగాలో బాణం చెప్పదుగా!

పాత్ అంటే ఎవరో గీత గీసి తవ్విన సొరంగం అనుకోకండి. 1900లో ఈటన్స్ వాళ్లు తమ కొట్టుని పక్క భవనంతో కింద నుంచి కలిపారు. తర్వాత ఎవరి బేస్‌మెంట్‌ని వాళ్లు పక్కవాళ్ల బేస్‌మెంట్‌కి అతికించుకుంటూ పోయారు. ఇప్పుడు 30 కిలోమీటర్లు దాటింది, 70కి పైగా భవనాలు. ఏ ముక్క ఆ ముక్క యజమానిదే. అందుకే నడుస్తుంటే నేల మారుతుంది, లైట్లు మారతాయి, ఉన్నట్టుండి నాలుగు మెట్లు తగులుతాయి. నేల మారిందంటే సరిహద్దు దాటినట్టే, తలెత్తి భవనం పేరు చూసుకోండి.

మీకు కావలసినవి నాలుగే పేర్లు: యూనియన్, రాయల్ బ్యాంక్ ప్లాజా, టీడీ సెంటర్, ఫస్ట్ కెనేడియన్ ప్లేస్. ఎక్కాలు బట్టీపట్టినట్టు పట్టేయండి. బోర్డు మీద అక్షరాల రంగులకి కూడా దిక్కులున్నాయి: ఎరుపు దక్షిణం, నారింజ పడమర, నీలం ఉత్తరం, పసుపు తూర్పు. ఇన్నేళ్లలో నాకు బుర్రకెక్కింది ఎరుపొక్కటే, అది సాయంత్రం యూనియన్‌కి చేరుస్తుంది.

ఇంకోటి, ఇది ఏ బోర్డు మీదా ఉండదు. చలికాలంలో బూట్లకంటిన రోడ్డు ఉప్పు టైల్స్ మీద తెల్లగా ఆరిపోతుంది. లోపలికి పోయేకొద్దీ ఆ మరకలు పలచబడతాయి. దారి బొత్తిగా తెలియకపోతే మరకలు చిక్కబడే వైపు నడవండి, వీధి తలుపు తగులుతుంది. తుడిచే వాళ్లు రాకముందైతేనే లెండి.

స్ట్రోలర్_అమ్మ:
పై ఆవిడ "నాలుగు మెట్లు" అని తేలిగ్గా అనేశారు! పిల్లని తోసుకుంటూ వెళ్తే ఆ నాలుగు మెట్లే సగం రోజు తినేస్తాయి. లిఫ్ట్ ఉంటుంది, కానీ ఏ మూలనో. ఒకసారి లిఫ్ట్ వెతుక్కుంటూ పోయి పార్కింగ్‌లో తేలాను. నాకైతే మంచులో పైన నడవడమే హాయి.

లంచ్_బ్యాచ్:
శనాదివారాలు ఇదే లెక్క వేసుకుని దిగకండి. ఆఫీసుల్లేకపోతే కింద కొట్లూ చాలావరకు మూతే. రాత్రయితే కొన్ని తలుపులు కూడా వేసేస్తారు, వచ్చిన దారే వెనక్కి నడవాలి.

కొత్త_బూట్లు:
నిన్న నాలుగు పేర్లూ అరచేతి మీద పెన్నుతో రాసుకుని దిగానండీ. పదకొండు నిమిషాల్లో సీట్లో ఉన్నా. ఆ కాఫీ షాపు మాత్రం దారిలో తగల్లేదు, ఎక్కడుందో ఏమో.

తొమ్మిది_చలికాలాలు:
మళ్లీ తప్పిపోండి, కనిపిస్తుంది.