ఉపేక్ష చేసిరా, సేసిరా?

నెల్లూరు నుంచి:
మా గ్రంథాలయంలో స్కాన్ చేసిన పాత పుస్తకాల ఫైళ్లను బయటి డిస్కుకు ఎక్కించి, ఆ తర్వాత అసలు ఫోల్డరు ఖాళీ చేసే షెల్ స్క్రిప్టు ఒకటి రాసుండా. నల్ల టెర్మినల్ చూస్తే మావాళ్లు దగ్గరికి రారు, అందుకే జెనిటీతో (స్క్రిప్టు నుంచి కిటికీలు తెరిపించే ప్రోగ్రాముతో) డైలాగ్ బాక్సులు తగిలిస్తున్నా. చెరిపేముందు వచ్చే హెచ్చరికలో తిక్కన గారి మాట ఉండాలని నా ఆశ. రాయబారంలో కృష్ణుడన్నది, "...లుపేక్ష ... వారల చేటగు" అని చెవిలో తిరగతా ఉండాది, మధ్యలో ముక్క చిక్కడం లేదు. ఎవరికన్నా నోటికొస్తే చెప్పండి.

కావలి నుంచి:
"సారపు ధర్మమున్" పద్యం గదా. "దక్షు లెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగుఁ గాని". "సేసిరి" అనే పెట్టు తమ్ముడూ, "చేసిరి" వద్దు.

ఒంగోలు నుంచి:
నేను వల్లెవేసింది "చేసిరి". ఉత్పలమాలలో యతి పదో అక్షరం, అది వా–వాకి కుదిరింది. తగాదా అంతా ఆరో అక్షరం మీద. చే అయినా సే అయినా గురువే, ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పదు.

కావలి నుంచి:
ఛందస్సు చెప్పకపోతే వ్యాకరణం చెబుతుంది మాస్టారూ. ఉపేక్ష జడపదం (ప్రాణం లేనిదాని పేరు), "ఉపేక్షను" అనే ద్వితీయకు బదులు ప్రథమే నిలిచింది. ప్రథమ మీది పరుషాలకు (క చ ట త పలకు) వరసగా గ స డ ద వలు వస్తాయి, వీటినే గసడదవలు అంటాం. చకారం సకారం అయింది.

ఒంగోలు నుంచి:
ఆ సూత్రంలోనే "బహుళముగా" అని ఉంది, అంటే ఒకచోట వస్తుంది, ఒకచోట రాదు, అది మింగేస్తే ఎట్లా?

కందుకూరు నుంచి:
అక్షరం సంగతి అట్లుంచండి. "దక్షులు" అన్నచోటే ఉంది తిక్కన గొప్ప. సంస్కృతంలో, చూస్తూ ఊరుకున్న సభాసదులే హతులవుతారు. ఈయన సభను వదిలి, ఆపగల శక్తి ఉండీ ఊరుకున్నవాళ్ల మీద పెట్టాడు చేటు. భీష్మద్రోణులు తలెత్తగలరా ఆ మాటకు?
ఇక స్క్రిప్టు. జెనిటీ ప్రశ్న బాక్సులో "సరే" నొక్కితే స్క్రిప్టుకు జవాబుగా 0 అనే అంకె వస్తుంది. "వద్దు" నొక్కినా 1, కిటికీ మూసేసినా 1. టైమౌట్ పెట్టి, ఎవరూ పలక్క గడువు దాటితే 5. తిక్కన చెప్పిన ఉపేక్ష ఆ 5. కాదనడం వేరు, చూస్తూ ఊరుకోవడం వేరు. నీ స్క్రిప్టు 0 వస్తేనే చెరపాలి, మరి దేనికీ కదలకూడదు. డిఫాల్ట్ క్యాన్సిల్ కూడా పెట్టు, ఎంటర్ తగిలినా ఫైళ్లు బతుకుతాయి.

గూడూరు నుంచి:
అయితే ఈ పాదం అక్కడ పొసగదు గదన్నా! చెరిపే బాక్సు ముందు ఊరుకుంటే మేలే, చేటు లేదు. "డిస్కు నిండింది, కాపీ ఆగిపోయింది" అనే హెచ్చరికకైతే సరిగ్గా సరిపోతుంది. అక్కడ ఊరుకుంటేనే పుస్తకాలు పోతాయి.

ఒంగోలు నుంచి:
గూడూరు మిత్రుడి మాట నిజం. చెరిపే బాక్సుకు ఎఱ్ఱన మేలు. అరణ్యపర్వ శేషం పూరించి, నన్నయ పేరుతోనే రాజరాజుకు అంకితం చెప్పాడు మహానుభావుడు. ఒకరి సొత్తును ఎంత భద్రంగా చూడాలో ఆయన్ని చూసి నేర్చుకోవాలి.

కావలి నుంచి:
ఎఱ్ఱన మీద నాకూ భక్తి ఉంది. కానీ విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు మోసినవాడి ఊళ్లో ఉండి స్క్రిప్టు రాస్తున్నాడు ఈ అబ్బాయి.

నెల్లూరు నుంచి:
గూడూరు అన్న చెప్పినట్టు, పాదాన్ని డిస్కు హెచ్చరికకు మార్చినా. జెనిటీలో ఒత్తులు, "చేటగుఁ" అరసున్నా చక్కగా పడ్డాయి. ఫైలు పేర్లలో యాండ్ గుర్తు (&) ఉంటే మాత్రం దాన్ని మార్కప్ (అక్షరాల రూపం మార్చే గుర్తు) అనుకుని తికమకపడింది, నో మార్కప్ ఆప్షన్ పెడితే కుదిరింది. డిస్ప్లే లేని సర్వర్ మీద విప్‌టెయిల్ (టెర్మినల్లోనే బాక్సులు గీసే ప్రోగ్రాము) వాడాల్సొచ్చింది, అక్కడ తెలుగు చెదిరి గీతలు పక్కకు జరిగాయి. ప్రస్తుతానికి "సేసి" అని పెట్టుండా.

ఒంగోలు నుంచి:
"చేసి" అని మార్చు నాయనా. చదివేవాళ్లు గ్రంథాలయానికి వచ్చే పిల్లలు, అచ్చుతప్పు అనుకుంటారు.

కావలి నుంచి:
పిల్లలు అడిగితే చెప్పడానికి మనం లేమా? ఉద్యోగపర్వం పాత ప్రతులు ఇంట్లో ఉన్నవాళ్లు ఆ పుట ఫోటో తీసి పెట్టండి. ఏ ప్రతిలో "చే" కనిపించినా, దాని పరిష్కర్త ఎవరో కూడా రాయండి.