జెస్సికా హార్పర్ రాక్ సినిమాలు: ఫీనిక్స్ గొప్పా, జానెట్ గొప్పా?

పాతరీలు:
అమెరికన్ నటి జెస్సికా హార్పర్ అనగానే అందరూ 1977 నాటి హారర్ సినిమా ‘సస్పీరియా’ గురించే మాట్లాడతారు. నేను ఆమె రెండు రాక్ సినిమాల గురించి అడుగుతున్నాను. బ్రయన్ డి పాల్మా తీసిన ‘ఫాంటమ్ ఆఫ్ ద ప్యారడైజ్’ (1974)లో ఆమె ఫీనిక్స్ అనే గాయని. ‘షాక్ ట్రీట్‌మెంట్’ (1981)లో జానెట్. ఫీనిక్స్‌కి సొంత కథ లేదని, పాటలు రాసే, ముసుగు వేసుకుని తిరిగే విన్‌స్లోకి, వాటిని దొంగిలించిన నిర్మాత స్వాన్‌కి మధ్య ఆమె ఎర మాత్రమేనని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను.

పాట పాడించుకుంటారనుకుని ఆడిషన్‌కి వెళ్లి, వాళ్లకి కావలసింది వేరే అని తెలిసి ఏడుస్తూ బయటికొచ్చేసిన అమ్మాయి ఆమె. తర్వాత అదే అమ్మాయి వేదిక మీద ‘ఓల్డ్ సోల్స్’ పాడుతుంది. అంతకుముందే కళ్ల ముందు ఒక గాయకుడు కరెంటు కొట్టి చచ్చిపోతే, అదీ షోలో భాగమనుకుని ఊగిపోయిన జనం ఆ పాటకి సద్దుమణిగిపోతారు. ఆ జనం కోసం స్వాన్ ఏమడిగినా ఇస్తానంటుంది అప్పుడు. మొదట్లో కాదన్నదే ఇప్పుడు తనంతట తాను ఇస్తోంది. నాకు సినిమా అంతటికీ ప్రాణం అక్కడే ఉంది.

రాత్రిషో:
పాతరీలు గారూ, ఆ మార్పు ఉన్న మాట నిజమే. కానీ దాన్ని మనకి చూపించింది ఎవరి వైపు నుంచి? ఫీనిక్స్ స్వాన్ పక్కన ఉన్న రాత్రి కెమెరా విన్‌స్లోతో పాటు వానలో, పైకప్పు అద్దం బయట ఉండిపోయింది. అతని బాధ చూశాం, అతను పొడుచుకోవడం చూశాం. ఆమె ఏమనుకుంటోందో మనకి చెప్పనే లేదు. నా అభ్యంతరం హార్పర్ నటన మీద కాదు, రాసిన తీరు మీద.

జానెట్ అలా కాదు. ఊరు ఊరంతా ఒక టీవీ స్టూడియోలో బతుకుతుంటుంది. మొగుణ్ణి పిచ్చాసుపత్రి షోలో బంధించి, ఈమెని స్టార్‌ని చేస్తారు. ‘మీ ఆఫ్ మీ’ పాటకి వచ్చేసరికి తన మీద తనకే మోజు పుట్టి ఒళ్లు తెలియకుండా పోతుంది. అదంతా మన కళ్లెదుటే, మెట్టు మెట్టుగా జరుగుతుంది.

పాతరీలు:
జానెట్ అరువు పాత్ర కదండీ. 1975లో ‘రాకీ హారర్’ సినిమాలో అదే జానెట్‌ని సుసాన్ సరాండన్ వేసింది.

రాత్రిషో:
పేరు ఒకటే, మనిషి వేరు. హార్పర్ ఎక్కడా సరాండన్‌ని అనుకరించలేదు. అసలు ‘షాక్ ట్రీట్‌మెంట్’ కథే మారిపోయింది. 1980లో అమెరికాలో నటుల సమ్మె రావడంతో బయట తీయాల్సిన సినిమాని ఇంగ్లండ్‌లో ఒక స్టూడియోలో తీశారు. ఊరే టీవీ స్టూడియో అయింది అందుకే. రియాలిటీ షోలు చూసి పెరిగిన మనకి ఈ జానెట్ కొత్తగా అనిపించదు. 1981లో అలాంటిది చూపించారంటే ఆలోచించండి.

గిటార్‌తీగ:
గొంతు గురించి ఎవరూ మాట్లాడరేం? నటి పెదాలు కదిపితే ఇంకొకరి పాట వినడం మనకి అలవాటు. భానుమతి గారిలా తన పాట తానే పాడుకున్నవాళ్లు తక్కువ. హార్పర్ రెండు సినిమాల్లోనూ తనే పాడింది. బరువైన, మంద్రస్థాయి గొంతు. ‘ఫాంటమ్’లోని ‘స్పెషల్ టు మీ’ పాటలో ఆ చేతులు విసరడం, అడుగులు వేయడం ఎవరూ నేర్పినట్టుండదు. మొదటిసారి వేదికెక్కిన పిల్ల అలాగే ఆడుతుంది. పాత్ర జానెట్‌దే పెద్దది, ఒప్పుకుంటాను. కానీ పాట విని గుండె పట్టేసింది ఫీనిక్స్ దగ్గరే.

మంచుఊరు:
నేను కెనడాలో విన్నిపెగ్‌లో ఉంటాను. అమెరికాలో ఆడని ‘ఫాంటమ్’ ఇక్కడ 1975లో నెలల తరబడి ఆడింది, ఎక్కువగా చిన్నపిల్లలే ఎగబడ్డారు. మా ఆఫీసులో ఒకావిడ అప్పట్లో చూసిందట. ఇప్పటికీ పని చేసుకుంటూ ‘ఓల్డ్ సోల్స్’ పాడుకుంటుంది. ఎర అంటే ఆవిడ ఒప్పుకోదు.

పాతరీలు:
రాత్రిషో గారూ, పైకప్పు సీను గురించి మీరన్నది సరైనదే. నేను అలా చూడలేదు. అయితే చివర్లో ముసుగు పోయిన విన్‌స్లో పాక్కుంటూ వస్తే అతను ఎవరో ఆమె గుర్తుపడుతుంది. అక్కడ మాత్రం మనం ఆమె ముఖమే చూస్తాం. తను ఎవరి పాట పాడిందో, ఎవరికి అమ్ముడుపోయిందో ఒక్కసారిగా తెలిసిన ముఖం అది. మాట ఒక్కటీ లేకుండా చేసింది హార్పర్.

రాత్రిషో:
చేసింది, కాదనను. కానీ అక్కడ కూడా ఆమె అతని కోసమే ఏడుస్తోంది. తన గొంతు ఇకమీదట ఏమవుతుందో సినిమా అడగలేదు. జానెట్ స్టూడియో నుంచి బయటపడి, కారులో కూర్చుని, పాడుకుంటూ వెళ్తుంది. నా ఓటు అందుకే ఆమెకి.