సర్వర్ మార్చాక తెలుగు పేర్లు పాడయ్యాయి: పాతవి చెత్తగా, కొత్తవి ప్రశ్నార్థకాలుగా

గట్టుకోడర్:
సహకార సంఘం సభ్యుల జాబితా, పీహెచ్‌పీ అప్లికేషన్. పాత సర్వర్‌లో డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 5.7, కొత్తదాంట్లో 8.0. మైఎస్‌క్యూఎల్‌డంప్ టూల్‌తో డేటా మొత్తం ఫైల్‌గా తీసి ఎక్కించాను, డంప్‌లో ఎర్రర్లేమీ రాలేదు. కొత్త కోడ్‌లో కనెక్షన్ క్యారెక్టర్ సెట్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) యూటీఎఫ్8ఎంబీ4, అంటే మైఎస్‌క్యూఎల్‌లో పూర్తి యూటీఎఫ్8, అని పెట్టాను. పాత క్వెరీలు గ్రూప్ బై దగ్గర ఆగిపోతుంటే ఎస్‌క్యూఎల్ మోడ్‌ని (సర్వర్ ఎంత కచ్చితంగా ఉండాలో చెప్పే సెట్టింగ్) ఖాళీ చేశాను.

ఇప్పుడు పాత సభ్యుల పేర్లలో ప్రతి తెలుగు అక్షరం చోటా నెత్తిన వాలుగీత ఉన్న ఇంగ్లీషు చిన్న ‘ఏ’, పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో, ఆ తర్వాత ఇంకేదో గుర్తు కనిపిస్తున్నాయి. మారాక ఎక్కించిన పేర్లు ఉత్త ప్రశ్నార్థకాలు. ఇంగ్లీషు పేర్లు బాగానే ఉన్నాయి. పేరు కాలమ్ వర్‌క్యార్ 50, అంటే గరిష్ఠంగా 50 అక్షరాలు. టేబుల్ మొత్తాన్ని కన్వర్ట్ టు యూటీఎఫ్8ఎంబీ4 చేసేస్తే సరిపోతుందా?

బైట్‌లెక్క:
ఆ కన్వర్ట్ మాత్రం ఇప్పుడే చేయకండి. ముందు, దాచిన బైట్లను హెక్స్ అంకెల్లో చూపే హెక్స్ ఫంక్షన్‌తో ఒక పాత పేరు, ఒక కొత్త పేరు చూడండి. తెలుగు యూనికోడ్ అక్షరాలన్నీ యూటీఎఫ్8లో ఒక్కొక్కటి 3 బైట్లు. మొదటి రెండు బైట్లు ఈ0 బీ0 గానీ ఈ0 బీ1 గానీ అవుతాయి. మీకు కనిపిస్తున్న గీత ‘ఏ’, డిగ్రీ, ప్లస్-మైనస్ గుర్తులు ఆ బైట్లే. లాటిన్1 (పశ్చిమ ఐరోపా భాషల కోసం, ఒక్కో అక్షరానికి ఒక్క బైట్ వాడే పాత పద్ధతి) కళ్లతో చూస్తే అలా ఉంటాయి.

‘రామ’ అన్న పేరుకి హెక్స్‌లో ఈ0బీ0బీ0 ఈ0బీ0బీఈ ఈ0బీ0ఏఈ అని 9 బైట్లు వస్తే డేటా భద్రంగా ఉన్నట్టు. కాలమ్ మీది పేరుపలకే, అంటే క్యారెక్టర్ సెట్ పేరే, తప్పు. 3ఎఫ్3ఎఫ్3ఎఫ్ అని వస్తే అవి నిజమైన ప్రశ్నార్థకాలు. అసలు అక్షరాలు ఇక లేవు, ఏ కన్వర్షనూ వాటిని వెనక్కి తేదు.

కారణం ఇది. 5.7లో డిఫాల్ట్ లాటిన్1. కోడ్ ఏమీ చెప్పకపోతే కనెక్షన్ కూడా లాటిన్1. రెండు వైపులా ఒకే క్యారెక్టర్ సెట్ ఉంది కాబట్టి సర్వర్ ఏ మార్పూ చేయకుండా బైట్లను దాచింది, అలాగే ఇచ్చింది, బ్రౌజర్ వాటిని తెలుగుగా చూపించింది. డంప్‌లోని క్రియేట్ టేబుల్‌లో లాటిన్1 అనే రాసి ఉంటుంది, అందుకే 8.0లో కూడా టేబుల్ లాటిన్1గానే పుట్టింది. కనెక్షన్ మాత్రం యూటీఎఫ్8ఎంబీ4 అయింది. దాంతో చదివేటప్పుడు సర్వర్ ‘అనువాదం’ మొదలుపెట్టింది. రాసేటప్పుడు తెలుగుకు లాటిన్1లో చోటు లేదు. ఎస్‌క్యూఎల్ మోడ్‌లో స్ట్రిక్ట్ మోడ్ ఉంటే, అక్షరం చెల్లదని చెప్పే 1366 ఎర్రర్ వచ్చి ఆగేది. మీరు మోడ్ ఖాళీ చేశారు కాబట్టి చప్పుడు లేకుండా ప్రశ్నార్థకాలు పెట్టింది.

ఇప్పుడు చేయాల్సింది: ఎస్‌క్యూఎల్ మోడ్‌లో ఓన్లీ ఫుల్ గ్రూప్ బై (మీ గ్రూప్ బై క్వెరీలను ఆపింది ఇదే) ఒక్కటే తీసేసి, మిగతావి, ముఖ్యంగా స్ట్రిక్ట్ ట్రాన్స్ టేబుల్స్ (పైన చెప్పిన స్ట్రిక్ట్ మోడ్ ఇదే), తిరిగి పెట్టండి. టేబుల్‌కి కాపీ తీసుకోండి. తర్వాత పేరు కాలమ్‌ని మాడిఫై చేసి వర్‌బైనరీ 50గా (ఉత్త బైట్ల కాలమ్) మార్చండి. మళ్లీ మాడిఫై చేసి వర్‌క్యార్ 50, క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4గా మార్చండి. బైనరీకి భాష లేదు కాబట్టి మధ్యలో బైట్లు కదలవు, పేరుపలక మాత్రమే మారుతుంది. నాట్ నల్, డిఫాల్ట్ విలువలు ఉంటే రెండుసార్లూ రాయాలి, లేకపోతే పోతాయి. తెలుగు ఉన్న ప్రతి కాలమ్‌కీ ఇదే పద్ధతి. టెక్స్ట్ కాలమ్ అయితే మధ్యలో వర్‌బైనరీ బదులు బ్లాబ్. ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్ (పదాలతో వెతకడానికి) ఉంటే ముందే తీసేయండి, బైనరీ కాలమ్‌పై అది నిలవదు. చివర్లో టేబుల్ డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్ కూడా మార్చండి, కన్వర్ట్ టు అన్న మాట లేకుండా.

గట్టుకోడర్:
మీరు చెప్పినట్టే హెక్స్ వచ్చిందండీ, పాతవి ఈ0తో, కొత్తవి 3ఎఫ్‌తో. ముందు కాపీ టేబుల్ మీద చేసి చూశాను. వర్‌బైనరీ దాకా సాఫీగా వెళ్లింది. రెండో మాడిఫై దగ్గర 1366 ఎర్రర్, ఒక వరుస నంబర్ చూపిస్తోంది.

బైట్‌లెక్క:
ఆ పేరు మధ్యలో తెగింది. లాటిన్1 దృష్టిలో వర్‌క్యార్ 50 అంటే 50 బైట్లు, అంటే తెలుగులో 16 అక్షరాలు. ఇక్కడ అక్షరమంటే యూనికోడ్ లెక్క. గుణింతపు గుర్తు, పొల్లు, సున్నా కూడా ఒక్కొక్కటి లెక్కే. ‘వెంకట సుబ్బలక్ష్మి’లో అలాంటివి 17, ఒక ఖాళీ: మొత్తం 52 బైట్లు. 50 దగ్గర కోస్తే చివరి గుడిలో మొదటి బైట్ మాత్రం మిగిలి, పేరు ‘సుబ్బలక్ష్మ’ అయిపోతుంది. ఆ ఒంటరి బైట్‌నే సర్వర్ ఒప్పుకోవడం లేదు. స్ట్రిక్ట్ మోడ్ లేకపోతే దాన్ని మీకు చెప్పకుండా కత్తిరించేసేది.

కాలమ్ వర్‌బైనరీగా ఉన్నప్పుడే లెంగ్త్ (బైట్ల లెక్క) సరిగ్గా 50 ఉన్న వరుసలన్నీ తీయండి. ఎర్రర్ ఇచ్చినవే కాదు, అన్నీ. ఖాళీలను బట్టి కోత సరిగ్గా అక్షరం అంచున పడితే ఎర్రర్ రాదు, పేరు మాత్రం పొట్టిదైపోతుంది. ఆ వరుసలను సభ్యత్వ రిజిస్టర్‌తో సరిచూసుకోండి. తోక బైట్లు తీసేసి మాడిఫై పూర్తి చేసి, ఆ తర్వాతే పూర్తి పేర్లు ఎక్కించండి. ప్రశ్నార్థకాల పేర్లు కూడా రిజిస్టర్ నుంచే రావాలి.

మూడోబ్రాంచ్:
ఇదే సమస్యతో వచ్చి, కన్వర్ట్ టు ఇప్పటికే చేసేసినవారి కోసం: అప్పుడు ‘రామ’ 9 బైట్ల బదులు 18 అవుతుంది, హెక్స్ సీ3ఏ0సీ2బీ0తో మొదలవుతుంది. ఆ పేరును కన్వర్ట్‌తో లాటిన్1కి, దాన్ని క్యాస్ట్‌తో బైనరీకి, దాన్ని మళ్లీ కన్వర్ట్‌తో యూటీఎఫ్8ఎంబీ4కి మార్చి అప్‌డేట్ చేయాలి. అప్‌డేట్‌లోని వేర్ షరతులో ఆ హెక్స్ ఆరంభం ఉన్న వరుసలే పట్టుకోండి. సరిగ్గా ఉన్న తెలుగు పేరుపై దీన్ని నడిపితే అది ప్రశ్నార్థకాలైపోతుంది.

గట్టుకోడర్:
లెంగ్త్ 50 ఉన్నవి 11 వరుసలు, వాటిలో ఎర్రర్ ఇచ్చేవి 7. మిగతా 4 బైటికి బాగానే కనిపించాయి, రిజిస్టర్‌లో చూస్తే అవీ తెగినవే. అసలు టేబుల్ మీద కూడా పూర్తయింది. ఒక్కటి మిగిలింది: సీఎస్‌వీ ఫైల్‌ని ఎక్సెల్‌లో తెరిస్తే మళ్లీ ఆ గీత ‘ఏ’ గుర్తులే.

మూడోబ్రాంచ్:
అది డేటాబేస్ తప్పు కాదండీ. డబుల్ క్లిక్‌తో తెరిచినప్పుడు ఫైల్ యూటీఎఫ్8 అని ఎక్సెల్‌కి తెలియదు. ఫైల్ మొట్టమొదట, శీర్షిక వరుస కంటే ముందు, ఈఎఫ్ బీబీ బీఎఫ్ అనే 3 బైట్లు ఒక్కసారి రాయండి. వాటికి ముందు ఒక్క ఖాళీ లైన్ వెళ్లినా పనిచేయదు. ఇదే ఫైల్‌ని మీ ప్రోగ్రామ్ తిరిగి చదివేదైతే ఆ 3 బైట్లు తీసేసి చదవాలి, లేకపోతే అవి మొదటి కాలమ్ పేరుకి అంటుకుని ‘అలాంటి కాలమ్ లేదు’ అంటుంది.